ఇంటి గోడపై దైవవాక్యం

అమెరికాలోని ప్రొటెస్టెంట్ క్రైస్తవుల ఇళ్లలో, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాలలో, ముందుగదిలోనో భోజనాల బల్లకు ఎదురుగానో బైబిలు వచనం రాసిన గరుకు చెక్కపలక ఒకటి వేలాడుతూ కనిపించడం సాధారణ విషయం. పాత పశువుల కొట్టం కూల్చినప్పుడు మిగిలిన పలకనో, సరుకుల రవాణాకు వాడి పారేసిన ప్యాలెట్ బద్దలనో తెచ్చి, నునుపు చేసి, రంగు పట్టించి, తెల్లని అక్షరాలతో వచనాన్ని రాసి, వెనుక కొక్కెం బిగించి గోడకు తగిలిస్తారు. 2013లో మొదలైన ‘ఫిక్సర్ అప్పర్’ అనే టెలివిజన్ కార్యక్రమం టెక్సాస్ రాష్ట్రంలోని వేకో పట్టణంలో పాత ఇళ్లను బాగుచేసి చూపుతూ రైతు ఇళ్ల అలంకరణ పద్ధతికి దేశమంతటా ఆదరణ తెచ్చిపెట్టింది; అప్పటినుంచి ఇలాంటి పలకలు దుకాణాలలో విరివిగా దొరుకుతున్నా, తమ ఇంటి పలకను తామే చేసుకోవాలనుకునే గృహస్థులు ఇప్పటికీ ఉన్నారు. ఈ పలకలపై తరచుగా కనిపించే వచనం యెహోషువ గ్రంథం 24వ అధ్యాయంలోని 15వది. తానూ తన ఇంటివారూ దేవునినే సేవిస్తామని వృద్ధుడైన యెహోషువ ఇశ్రాయేలు ప్రజలందరి ఎదుట పలికిన మాట అది.

పైపైన చూస్తే ఇది గృహాలంకరణకు సంబంధించిన చిన్న విషయంగానే తోస్తుంది గాని, దీని వెనుక మతచింతనలో చాలా పాతదైన ఒక ప్రశ్న ఉంది. దైవవాక్యాన్ని ఇంటి గోడపై రాసి ఉంచడం ఏ తరహా క్రియ? దానిని ఆరాధన అనాలా, అలంకారం అనాలా, కీడు రాకుండా కట్టుకున్న రక్ష అనాలా, ఇరుగుపొరుగులకు చేసే ప్రకటన అనాలా? అందులో ఏదైనా ఫలం ఉంటే అది రాసే చేతిదా, చూసే కంటిదా, వాక్యం వేలాడుతున్న ఇంటిదా? యూదు, క్రైస్తవ సంప్రదాయాలు రెండూ ఈ ప్రశ్నతో శతాబ్దాలుగా పెనుగులాడాయి, వాటి సమాధానాలు కొన్ని చోట్ల ఒకదానికొకటి పూర్తిగా ఎదురు నిలుస్తాయి. ఆ సమాధానాలను పరిశీలించిన మీదట తేలేది ఏమిటంటే, చేత్తో చేసిన గోడపలకకు ధార్మికమైన అర్థం ఏదైనా ఉంటే అది అలంకారంగానో రక్షగానో సంక్రమించేది కాదు, ఆ ఇంటివారి మాటకు సాక్షిగా నిలిచినప్పుడే సిద్ధించేది.

ఇంటిపై వాక్యం రాయాలన్న ఆదేశానికి మూలం ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం. దేవుని మాటలను ద్వారబంధాలపైనా గుమ్మాలపైనా రాయాలని అక్కడ ఉంది. ఆ ఆదేశాన్ని ఉదహరించేవారు చాలామంది చివరి ముక్కను మాత్రమే తీసుకుంటారు గాని, అది ఏ వరుసలో వచ్చిందో చూడడం అవసరం. మొదట ఆ మాటలు హృదయంలో ఉండాలి; తరువాత వాటిని పిల్లలకు నేర్పాలి; ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వాటిని గురించి మాట్లాడుకోవాలి; ఆ తరువాత చేతికి కట్టుకోవాలి, కనుబొమల నడుమ నిలుపుకోవాలి; అన్నీ అయ్యాక, చిట్టచివర, ద్వారబంధం ప్రస్తావన వస్తుంది. అంటే గుండెలో మొదలై నాలుకమీదికి, నాలుక నుంచి చేతికి, చేతినుంచి గుమ్మానికి వాక్యం నడిచి రావాలని ఆ గ్రంథం ఆశించింది. చివర చెప్పినంత మాత్రాన గుమ్మంపై రాత తక్కువదైపోదు; అయితే ముందరివి జరగని ఇంట్లో దానికి ఆధారం లేకుండా పోతుంది.

యూదులు ఈ ఆదేశాన్ని అక్షరాలా పాటించారు. ఇంటి గుమ్మానికి, లోపలికి వెళ్లేటప్పుడు కుడివైపున వచ్చే ద్వారబంధంపై, పైనుంచి మూడోవంతు ఎత్తులో వారు బిగించే చిన్న గొట్టంలాంటి పెట్టెలోని చర్మపత్రాన్ని మెజూజా అంటారు. ద్వితీయోపదేశకాండము 6, 11 అధ్యాయాలలోని రెండు భాగాలను 22 పంక్తులలో, 713 అక్షరాలలో దానిపై చేతితో రాస్తారు. ఇలాంటి చర్మపత్రాలు మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహలలో కూడా దొరికాయి కనుక ఈ ఆచారం రెండువేల సంవత్సరాలకు పైబడినదని చెప్పవచ్చు. గృహస్థు మెజూజాను సాధారణంగా తాను రాసుకోడు. ఆ పనిలో శిక్షణ పొందిన లేఖకుడు, అంటే సోఫేర్, రాస్తాడు. శుద్ధమైన జంతువు చర్మం కావాలి. ఒక అక్షరం మరొక అక్షరాన్ని తాకకూడదు, ప్రతి అక్షరం చుట్టూ ఖాళీ చర్మం కనిపించాలి. ప్రతి మాటను రాసేముందు నోటితో పలకాలి. దేవుని నామం వచ్చినప్పుడు అది దేవుని నామమన్న సంకల్పంతోనే కలం కదలాలి. అన్నిటికన్నా కఠినమైన నియమం వరుసకు సంబంధించినది. అక్షరాలను మొదటినుంచి చివరిదాకా వరుసగానే రాయాలి కనుక, పదో పంక్తికి చేరాక రెండో పంక్తిలో ఒక అక్షరం తప్పిపోయిందని తెలిస్తే వెనక్కి వెళ్లి దాన్ని ఇరికించడానికి వీలులేదు. అలా చేస్తే ఆ పత్రం చెల్లదు. చూసేవారెవరూ పట్టుకోలేని దోషం అది, ఎందుకంటే ఆ పత్రాన్ని చుట్టి పెట్టెలో పెట్టి మూసేస్తారు, రోజూ చదవడానికి అది బయట ఉండదు. అయినప్పటికీ లేఖకుడు మనస్సాక్షితో ఆ నియమానికి కట్టుబడి ఉంటాడు. కంటికి కనిపించని రాత విషయంలో ఇంత నిష్ఠ అవసరమని ఒక సంప్రదాయం భావించిందంటే, రాయడమనే క్రియకే అది ఒక విలువను కట్టిందని గ్రహించాలి.

ఈ మెజూజాయే తాయెత్తుగా మారిపోయే ప్రమాదాన్ని పన్నెండవ శతాబ్దపు యూదు తత్త్వవేత్త, ధర్మశాస్త్రవేత్త మైమోనిడీస్ చాలా ముందుగా పసిగట్టాడు. ‘మిష్నే తోరా’ అన్న తన ధర్మశాస్త్ర సంహితలో, పత్రం లోపల దేవదూతల పేర్లూ రక్షామంత్రాలూ చేర్చి రాసేవారిని ఆయన తీవ్రంగా నిందించాడు. దేవుని ఏకత్వాన్నీ, ఆయనపై ప్రేమనూ, ఆయన సేవనూ చాటే గొప్ప ఆజ్ఞను సొంత లాభానికి పనికివచ్చే తాయెత్తు స్థాయికి దించడమే వారి దోషమని ఆయన వాదన. మెజూజా ఉద్దేశం వేరని ఆయన అదే గ్రంథంలో మరోచోట వివరించాడు: మనిషి గడప దాటి లోపలికి వచ్చిన ప్రతిసారీ, బయటికి వెళ్లిన ప్రతిసారీ దేవుని నామం ఎదురై, కాలానికి లోబడిన వ్యర్థ వ్యాపకాల నిద్రనుంచి అతన్ని మేలుకొల్పాలి. ఇక్కడ మెజూజా కీడునుంచి ఇంటిని కాపాడే కావలివాడు కాదు, ఇంటివాడిని నిద్రలేపే మనిషి. గోడపలకను గురించి ఆలోచించే ఎవరికైనా మైమోనిడీస్ గీసిన ఈ గీత చాలా విలువైనది. వచనం రాసిన పలక ఉన్న ఇంటికి అపాయం రాదన్న నమ్మకంతో దాన్ని తగిలించుకున్నవాడికీ, పత్రంలో దేవదూతల పేర్లు చేర్చినవాడికీ తేడా చాలా తక్కువ.

యూదులకు సోదర సమాజమైన సమరయుల పద్ధతి దీనికి భిన్నం. వారు వాక్యాన్ని దాచలేదు. రాతి పలకలపై చెక్కి కట్టడాలలో బయటికి కనిపించేలా అమర్చారు, నేటికీ నాబ్లుస్ సమీపంలోని గెరిజీము కొండపై నివసించే ఆ చిన్న సమాజం ఇళ్లలో పవిత్ర గ్రంథభాగాలు రాసిన ఫలకాలు కనిపిస్తాయి. ఒకే ఆదేశాన్ని ఒకరు మూసిన పెట్టెలోని చర్మంగా, మరొకరు అందరూ చూసే ఫలకంగా అర్థం చేసుకున్నారు. అమెరికన్ గోడపలక ఈ రెండో మార్గానికి దగ్గరగా ఉంటుంది గాని, చారిత్రకంగా అది వచ్చిన దారి మాత్రం ఐరోపాలోని మత సంస్కరణోద్యమం.

పదహారవ శతాబ్దంలో సంస్కర్తలు చర్చి గోడలపైని బొమ్మలపై దాడి చేశారు. 1522లో విట్టెన్‌బర్గ్‌లో కార్ల్‌స్టాట్ అనే సంస్కర్త విగ్రహాలను తొలగించాలని ఒక కరపత్రం రాశాడు. 1524లో జ్యూరిక్ చర్చిలలోని ప్రతిమలను తీసివేశారు. ఇంగ్లండులో ఆరవ ఎడ్వర్డ్ రాజు కాలంలో చర్చి గోడలపైని వర్ణచిత్రాలకు సున్నం కొట్టారు. సున్నం కొట్టిన గోడ ఖాళీగా మిగలలేదు. 1561లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం పది ఆజ్ఞల ఫలకాన్ని చర్చిలో తూర్పువైపున పెట్టాలని ఆదేశించింది. 1604 నాటి చర్చి నియమావళి ఆ ఆజ్ఞలతోపాటు ఎంపిక చేసిన వాక్యాలను గోడలపై అనువైన చోట్ల రాయాలని కూడా చెప్పింది. బొమ్మ ఉన్న చోటికి అక్షరం వచ్చింది. విగ్రహం ముందు మోకరిల్లే ప్రమాదం ఉంది గాని వాక్యం ముందు అలాంటి ప్రమాదం లేదని సంస్కర్తల విశ్వాసం. అది పూర్తిగా నిజమని ఒప్పుకోవడం కష్టం, ఎందుకంటే అక్షరం కూడా గోడపై చేరి అందమైన ఆకారం పొందాక ఒక బొమ్మే అవుతుంది. చదవకుండానే దాన్ని చూడవచ్చు, చూసి తృప్తి పడవచ్చు, ఆ తృప్తిని భక్తి అనుకోవచ్చు. విగ్రహారాధనను ఖండించిన సంప్రదాయమే ఈ చిక్కును ఎదుర్కోవలసి రావడం ఆలోచించదగిన విషయం. జర్మనీలో చెక్కచట్రాల ఇళ్ల దూలాలపై కట్టిన సంవత్సరంతో సహా వాక్యాన్ని చెక్కే అలవాటు, పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్లు గృహాశీర్వాదాలను రంగుల అక్షరాలతో కాగితంపై రాసుకునే అలవాటు, పందొమ్మిదవ శతాబ్దపు అమెరికన్ గృహిణులు రంధ్రాల అట్టపై ఊలుదారంతో ఆశీర్వాద వాక్యాలను కుట్టే అలవాటు, ఇవన్నీ నేటి చెక్కపలకకు పూర్వరూపాలు.

ఇక పలక తయారీ విషయానికి వస్తే, చేత్తో చేయడం వలన వాక్యానికి ఏమి జరుగుతుందన్నది పనిని దగ్గరగా చూస్తేనే అర్థమవుతుంది. ప్యాలెట్ చెక్క అయితే మొదట దానిపై వేసిన ముద్రను చూడాలి. దేశాల మధ్య తిరిగే చెక్కలో పురుగులు ప్రయాణించకుండా 2002లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, చెక్క నడిమి భాగం కనీసం 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు ఉండేలా వేడి చేసినదానికి ‘హెచ్‌టి’ అన్న అక్షరాలు, మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినదానికి ‘ఎంబి’ అన్న అక్షరాలు ముద్రిస్తారు; రెండోరకం చెక్కను ఇంట్లోకి తేకూడదు. మేకులు పీకి, గరుకు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి సన్నని ఉప్పుకాగితం దాకా చెక్క చారల వెంట రుద్దాలి. చారలకు అడ్డంగా రుద్దితే పడే గీతలు రంగు పూశాక మరింత స్పష్టంగా బయటపడతాయి. పైన్ చెక్కలో ముడులు ఉన్నచోట జిగురు ఊరుతుంది కనుక వాటిపై ముందుగా లక్కపూత వేయకపోతే, ముడిమీద పడిన తెల్లని అక్షరం కొన్ని నెలలకు పసుపురంగుకు తిరుగుతుంది. ఆ తరువాత వచనాన్ని అసలు కొలతలో కాగితంపై రాసుకుని, కాగితం వెనుక పెన్సిలు పొడి రుద్ది, చెక్కపై పరచి, అక్షరాల అంచుల వెంట గట్టిగా గీస్తే చెక్కపై పలుచని గుర్తులు పడతాయి. ఈ కొలత సరిగా చూసుకోనివాడు మొదటి మాటలను విశాలంగా రాసి చివరి మాటకు చోటు చాలక దాన్ని ఇరికించవలసి వస్తుంది. తెలుగులో రాసే యెహోషువ వచనంలో ఆ చివరి మాట సేవకు సంబంధించినదే కావడం వలన ఆ లోపం మరింత బాధిస్తుంది.

కుంచె పట్టుకున్న మనిషి ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగుతాడు. చదివేటప్పుడు రెండు క్షణాలలో ముగిసిపోయే వచనం రాసేటప్పుడు ఒక సాయంత్రమంతా తీసుకుంటుంది, ఆ సాయంత్రమంతా మనసు ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. ఫ్రెంచి చింతనాపరురాలు సిమోన్ వేయి ఏకాగ్రమైన అవధానానికీ ప్రార్థనకూ సారంలో భేదం లేదని భావించింది. అవధానమంటే ఆమె దృష్టిలో కండలు బిగించి చేసే ప్రయత్నం కాదు, తనను ఖాళీ చేసుకుని ఎదుటి వస్తువుకు తావివ్వడం. చేతిపని ఆ అవధానాన్ని బలవంతం లేకుండా సాధించిపెడుతుంది, ఎందుకంటే కుంచె తొందరపడితే గీత చెదురుతుంది, గీత చెదిరితే చేతికి వెంటనే తెలుస్తుంది. తెలుగునాట రామకోటి రాసేవారికి ఈ విషయం కొత్తగా చెప్పనక్కరలేదు. నామాన్ని పలకడానికి బదులు రాయడాన్ని లిఖిత జపం అంటారు. కోటి పర్యాయాలు రాసిన ఆ పుస్తకాలను ఎవరూ చదవరు, భద్రాచలం వంటి క్షేత్రాలలో సమర్పించి వస్తారు. ఫలమంతా రాసే చేతిలోనే ఉందని, రాసిన కాగితం దానికి గుర్తు మాత్రమేనని అందరికీ తెలుసు. గోడపలక విషయంలో కూడా యంత్రం కత్తిరించిన స్టెన్సిల్ అంటించి పది నిమిషాలలో రంగు అద్దిన పలకకూ, అక్షరం అక్షరం దిద్దిన పలకకూ గోడపై అంతగా తేడా కనిపించకపోవచ్చు గాని, చేసినవారిలో తేడా ఉంటుంది.

గరుకుదనం గురించి ఇక్కడ ఒక మాట తప్పదు. ఈ పలకలకు పాతదనం రావడానికి అనుసరించే పద్ధతులలో ఒకటి స్టీలు పీచును వినెగర్‌లో కొన్ని రోజులు నానబెట్టి, ఆ ద్రవాన్ని చెక్కపై పూయడం. వినెగర్‌లో కరిగిన ఇనుము చెక్కలోని టానిన్‌తో, అంటే వగరు పదార్థంతో, కలిసి బూడిద నలుపుగా మారుతుంది. ఓక్ చెక్కలో టానిన్ సహజంగా ఎక్కువ, పైన్‌లో తక్కువ కనుక పైన్‌పై ముందుగా చిక్కని టీ డికాక్షన్ పూస్తారు. గంట తిరిగేసరికి నిన్న కొన్న చెక్క యాభై ఏళ్లు ఎండకు ఎండి వానకు నానినట్టు కనిపిస్తుంది. ఇనుముకూ వగరుకూ మధ్య జరిగే ఇదే రసాయన చర్య శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డపై బెల్లం, ఇనుపముక్కల ఊట తాకగానే నల్లని గీతగా మారుతుంది. మాచికాయ కషాయంలో ఇనుప లవణం, తుమ్మజిగురు కలిపి తయారుచేసే సిరాతో మెజూజా లేఖకుడి కలంలో అక్షరంగా మారుతుంది. ఒకే నలుపు అక్కడ గీతను, అక్షరాన్ని నిలబెడుతోంది. ఇక్కడ మాత్రం లేని వయసును ఉన్నట్టు చూపుతోంది.

ఆంగ్ల కళావిమర్శకుడు జాన్ రస్కిన్ 1849లో వెలువరించిన ‘ది సెవెన్ లాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్’ గ్రంథంలో ఒక పదార్థాన్ని మరొక పదార్థంగా భ్రమింపజేసే పూతలను సత్యానికి చేసిన అపచారంగా పరిగణించాడు. ఆయన తీర్పు గృహాలంకరణ అంతటికీ వర్తింపజేస్తే అతిగా ఉంటుంది, నాటక రంగస్థలంపై వేసిన తెరను అబద్ధమని ఎవరూ అనరు. కానీ దేవుని ఎదుట చేసిన ప్రతిజ్ఞను మోయవలసిన పలక విషయంలో రస్కిన్ కఠినత్వమే న్యాయంగా తోస్తుంది. తాతల కాలంనుంచి ఈ ఇంట్లో ఈ మాట ఉందన్న భ్రమను అంచుల అరుగుదలతో కల్పించడం, తరతరాల నిష్ఠను ఒక మధ్యాహ్నంలో సంపాదించుకోవాలనుకోవడమే. నిజంగా పాతదైన చెక్కకు ఈ దోషం అంటదు. దానిపైని మేకు రంధ్రాలు, తుప్పు మరకలు, రంపపు గుర్తులు అది చేసిన సేవకు ఆనవాళ్లు, వాటిని దాచనక్కరలేదు. కొత్త చెక్క దొరికితే కొత్తగానే ఉంచాలి. ఆ ఇంట్లో వంట పొగా, పిల్లల చేతులూ, కిటికీలోంచి పడే ఎండా దానికి ఇవ్వవలసిన రంగును నెమ్మదిగా ఇస్తాయి.

పలక గోడకు ఎక్కిన తరువాత మరొక కష్టం మొదలవుతుంది. రోజూ కంటపడే వస్తువును కన్ను చూడడం మానేస్తుంది. రష్యన్ విమర్శకుడు విక్టర్ ష్క్లోవ్‌స్కీ 1917 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతినే చర్చించి, అలవాటు వలన మొద్దుబారిన చూపును తిరిగి పదును పెట్టడమే కళ చేసే పని అన్నాడు. నిద్రనుంచి మేల్కొలపడానికి మైమోనిడీస్ ఉద్దేశించిన వస్తువు కూడా ఈ అలవాటుకు అతీతం కాదు. అందుకేనేమో, గుమ్మం దాటేటప్పుడు మెజూజాను చేతితో తాకి ఆ వేళ్లను ముద్దుపెట్టుకునే ఆచారం యూదులలో ఏర్పడింది. కన్ను మరచిన దాన్ని చేయి గుర్తుపెట్టుకుంటుంది. అమెరికన్ గోడపలకకు ఇలాంటి ఆచారమేదీ లేదు, అది దానికున్న పెద్ద బలహీనత. ఇంట్లో ఎవరూ పట్టించుకోని పలకను అతిథి ఒక్కడే చదువుతాడు, అప్పటికి అది ఇంటివారితో మాట్లాడడం మాని బయటివారితో మాట్లాడడం మొదలుపెట్టిందన్నమాట. మత్తయి సువార్తలో యేసు గది తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని బోధించాడు, మనుషులు చూడాలని లేఖనపు కట్టులను వెడల్పు చేసుకునేవారిని ఖండించాడు. ఆ కట్టులు కూడా ద్వితీయోపదేశకాండము ఆదేశం ప్రకారం కట్టుకున్నవే. ఖండనకు గురైంది ఆజ్ఞ కాదు, కొలత. పక్కింటివాడికి కనిపించేంత వెడల్పు కావాలన్న కోరికలోనే దోషం ఉంది.

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఈ చర్చకు ఒక ప్రత్యేకమైన రూపం ఉంది. వచనాల క్యాలెండర్లు, ఫ్రేములో బిగించిన పటాలు, ఇటీవల చెక్కపై చెక్కించిన బోర్డులు కోస్తా జిల్లాల పల్లెల నుంచి హైదరాబాదు అపార్ట్‌మెంట్ల దాకా, అక్కడినుంచి అమెరికాలో స్థిరపడినవారి ఇళ్ల దాకా కనిపిస్తాయి. గృహప్రవేశానికి వాటిని బహుమతిగా ఇవ్వడం ఆనవాయితీ. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక కొత్త సంవత్సరానికి వాగ్దాన వచనాన్ని అందుకుని ఏడాది పొడుగునా దాన్ని ఇంట్లో పెట్టుకునే అలవాటు కూడా చాలా సంఘాలలో ఉంది. ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గుర్తించాలి. వాగ్దాన వచనం దేవుడు మనిషికి ఇచ్చిన మాట, దాన్ని నిలబెట్టుకోవలసిన భారం దేవునిది. యెహోషువ 24:15 మనిషి దేవునికి ఇచ్చిన మాట, దాని భారం మనిషిది. రెండూ ఒకే గోడపై, ఒకే రకం అక్షరాలలో, ఒకే చట్రంలో వేలాడుతూ ఉండడం వలన రెండోదాన్ని కూడా ఆశీర్వాదంగా చదువుకోవడం జరిగిపోతోంది. అప్పు పత్రాన్ని బహుమతి పత్రమనుకుని గోడకు తగిలించుకున్నట్టే అది.

ఆ వచనం ఉన్న అధ్యాయాన్ని చివరిదాకా చదివితే ఈ పొరపాటుకు తావుండదు. యెహోషువ మాట విని ప్రజలు తామూ దేవునినే సేవిస్తామని ఉత్సాహంగా జవాబిచ్చినప్పుడు ఆయన సంతోషించి ఊరుకోలేదు. అది మీవల్ల కాదన్నాడు. వారు మళ్లీ పట్టుబట్టారు. అప్పుడు ఆయన, ఈ మాటకు మీమీద మీరే సాక్షులన్నాడు; ఆ మాటలను గ్రంథంలో రాశాడు; షెకెములో సింధూర వృక్షం కింద ఒక పెద్ద రాయిని నిలిపి, ఇక్కడ పలికినవన్నీ ఈ రాయి విన్నదని, రేపు మాట తప్పితే అదే సాక్ష్యం చెబుతుందని ప్రకటించాడు. గోడపలకకు ఆ గ్రంథంలోనే దొరికే ఆదర్శం ఈ రాయి. ప్రజలను కాపాడాలనో, ఆ చోటికి అందం తేవాలనో, బాటసారులకు ఏదో చాటాలనో దాన్ని నిలపలేదు. మాట ఇచ్చినవారు మళ్లీ ఆ దారిన వచ్చినప్పుడు వారికి ఎదురుగా ఉండడమే దాని పని. పలకపై చదివేది 15వ వచనమైనా, పలక నిర్వహించవలసిన ధర్మం 27వ వచనంలో ఉంది.

ఇంకొక సందేహం మిగులుతుంది. ఇంటిపెద్ద తన ఇంటివారి తరఫున ప్రతిజ్ఞ చేయవచ్చునా? ప్రాచీన ఇశ్రాయేలు సమాజంలో ఇల్లంటే భార్య, పిల్లలు, మనుమలు, పనివారు కలిసిన పెద్ద కుటుంబం, పెద్ద మాటే అందరి మాట. నేటి ఇంట్లో పదిహేనేళ్ల కొడుకు విశ్వాసం విషయంలో తనకంటూ ఒక మనసు ఏర్పరచుకుంటూ ఉంటాడు. అతని పేరు చెప్పకపోయినా, అతన్ని అడగకుండా అతని తరఫున గోడపై రాసిన ప్రతిజ్ఞ అతనికి ఒత్తిడిగానే తోస్తుంది, కాలక్రమంలో ఆ పలకనూ దాని వెనుక ఉన్న దేవునినీ ఒకటిగా చూసి రెంటినీ తోసిపుచ్చే అవకాశం ఉంది. అదే వచనంలో యెహోషువ తన ప్రతిజ్ఞకు ముందు ప్రజలకు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చాడన్న సంగతిని పలకలు సాధారణంగా వదిలేస్తాయి, చోటు చాలదు కాబట్టి. ఆ వదిలేసిన భాగమే ప్రతిజ్ఞను ప్రతిజ్ఞగా నిలబెడుతుంది, ఎంచుకోనిదాన్ని మాట ఇవ్వడమనలేము.

కనుక ఇంటికి ఇలాంటి పలక చేసుకోదలచిన కుటుంబాలకు ఒక విన్నపం. రంగూ కుంచే తేవడానికి ముందు ఇంటివారందరూ కూర్చుని ఏ మాట రాయాలో మాట్లాడుకోవాలి. ద్వితీయోపదేశకాండము కోరిన సంభాషణ ఆ పూటైనా ఆ ఇంట్లో జరుగుతుంది. చెక్క రుద్దే పని ఒకరు, అక్షరాలు గీసే పని మరొకరు, రంగు నింపే పని పిల్లలు పంచుకుంటే వంకర పోయిన అక్షరాన్ని చెరిపి దిద్దనక్కరలేదు, అది ఎవరి చేతిదో ఇంట్లో అందరికీ తెలిసి ఉంటుంది. పలకను అతిథులు కూర్చునే గదిలో కాక, ఇంటివారు భోజనానికి కూర్చునే చోటనో, పొద్దున బయటికి వెళుతూ చెప్పులు తొడుక్కునే చోటనో తగిలించాలి. ఏడాదికి ఒకసారి దాన్ని దించి, దుమ్ము తుడిచి, మైనం పట్టించి, దానిపైని మాటను కలిసి చదువుకుని మళ్లీ తగిలించడం మంచిది. ఇంట్లో ఒక్కరికైనా ఆ ప్రతిజ్ఞ పలకడానికి మనసు ఒప్పకపోతే వారిని తొందరపెట్టకుండా ఆ వచనాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి, అందరూ మనస్ఫూర్తిగా పలకగలిగిన మరొక వచనాన్ని వెతుక్కోవాలి.